సంఘం చరిత్ర రాసేముందు: పుట్టిన తేదీ, సభ్యుల పట్టిక, ఆగిపోయిన శాఖలు

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవానికి రెండు నెలల ముందు సావనీర్ (ఉత్సవ సంచిక) కమిటీ వేసి, వాట్సాప్ గ్రూపులో "పాత ఫొటోలు, జ్ఞాపకాలు పంపండి" అని మెసేజ్ పెడితే వచ్చేది చరిత్ర కాదు. ఒకే గ్రూప్ ఫొటో నలభై మంది పంపుతారు. అందులో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ పంపరు. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో 1959 ప్రాంతంలో కాలేజీలో చేరిన తొలి బ్యాచ్‌ల వాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. కాబట్టి ఉత్సవానికి కనీసం ఏడాది ముందే పని మొదలుపెట్టండి. మొదటి ఆరు నెలలు సేకరణకే పోతాయి, తర్వాత మూడు నెలలు సరిచూడటానికి. రాయడానికి, అచ్చుకు మిగిలిన మూడు నెలలు చాలు.

సంఘం చరిత్ర కూర్చే ఈ పనిని ఎక్కువ కాలంగా, ఎక్కువ పట్టుదలగా చేస్తున్నవి అమెరికా కాలేజీల్లోని ఫ్రటర్నిటీలు, సొరోరిటీలు. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకున్న విద్యార్థి సంఘాలివి. సాధారణంగా ఫ్రటర్నిటీ మగపిల్లలది, సొరోరిటీ ఆడపిల్లలది. మన దగ్గర హాస్టల్, బ్యాచ్ కలిపినట్టే అక్కడ వాళ్లను సంఘం కలుపుతుంది. ఒక సంఘానికి ఎన్నో కాలేజీల్లో శాఖలుంటాయి, ఆ శాఖనే చాప్టర్ అంటారు. క్రైస్తవ మఠాల్లో సన్యాసులు రోజూ ఒకచోట చేరి తమ నియమావళిలో ఒక అధ్యాయం చదివేవారు. ఆ అధ్యాయం పేరే సమావేశానికి, తర్వాత శాఖకు వచ్చింది. ఒక్క తేడా మాత్రం మరిచిపోవద్దు. ఫ్రటర్నిటీ చాప్టర్ అంటే ఒక కాలేజీలో ఇప్పుడు చదువుతున్న విద్యార్థులది. మన పూర్వ విద్యార్థుల సంఘం హైదరాబాద్ చాప్టర్, డాలస్ చాప్టర్ అంటే ఆ ఊళ్లో స్థిరపడ్డవాళ్లది. పోలిక రికార్డు రాసే పద్ధతి వరకే.

పుట్టిన తేదీ ఒకటి కాదు, మూడు

మొదటి పేజీలోనే తప్పు దొర్లేది ఇక్కడ. "సంఘం ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే ముగ్గురు మూడు సంవత్సరాలు చెబుతారు, ముగ్గురూ నిజమే చెబుతుంటారు. ఒకరికి గుర్తున్నది మెస్‌లోనో, ఎవరింట్లోనో పదిమంది కూర్చున్న రోజు. రెండోవారికి గుర్తున్నది రిజిస్ట్రేషన్ అయిన రోజు. మూడోవారు కాలేజీ గుర్తించి గది ఇచ్చిన రోజు చెబుతారు. ఫ్రటర్నిటీల్లోనూ ఇంతే. విద్యార్థులు మొదట కలిసిన తేదీ, మాకు శాఖ ఇవ్వండని కేంద్ర సంఘానికి అర్జీ పెట్టిన తేదీ, చార్టర్ (శాఖకు అనుమతి పత్రం) చేతికొచ్చిన తేదీ వేరువేరుగా రాస్తారు. మీరూ మూడు గళ్లు గీయండి. పక్కన నాలుగో గడిలో ఆధారం రాయండి: మినిట్స్ బుక్కా (సమావేశాల నిర్ణయాలు రాసే పుస్తకం), రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టా, ఒక మనిషి మాటా. ఉత్సవం ఏ తేదీకి చేసుకోవాలన్నది సర్వసభ్య సమావేశం తేల్చుకోవచ్చు. పుస్తకంలో మాత్రం మూడూ ఉండాలి.

పేరు మారిన సంస్థల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో మొదలైంది, 2002లో నిట్ అయింది. 1985లో చదివినవారిని "నిట్ విద్యార్థి" అని రాస్తే తప్పు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకుముందు అది ఉస్మానియా పీజీ సెంటర్. అప్పుడు చదివినవారి పట్టా మీద ఉన్నది ఉస్మానియా పేరే. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959 నాటిదే, కాలేజీ ఒక్కటే అయినా అనుబంధం ఉస్మానియా, కాకతీయ, ఎన్టీఆర్, కాళోజీ విశ్వవిద్యాలయాల మీదుగా మారుతూ వచ్చింది. ఏ ఏడాది సంగతి రాస్తున్నారో ఆ ఏడాది పేరే వాడండి, ఇప్పటి పేరు మొదటిసారి ఒక్కచోట చెబితే సరిపోతుంది. జిల్లా పేర్లకూ ఇదే పద్ధతి. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. నిట్ పేరులో వరంగల్ ఉన్నా ఇప్పుడున్నది హనుమకొండ జిల్లాలో.

పాత మాటల అర్థం కూడా అప్పటిదే తీసుకోవాలి. అమెరికాలో సొరోరిటీ అనే మాట 1874లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన గామా ఫై బీటాతో మొదలైంది. అక్కడి లాటిన్ ఆచార్యుడు ఫ్రాంక్ స్మాలీ ఆ మాట సూచించాడు. అప్పటిదాకా ఆడపిల్లల సంఘాలు కూడా తమను ఫ్రటర్నిటీ అనే పిలుచుకున్నాయి. కొన్ని ఇప్పటికీ అలాగే పిలుచుకుంటాయి. ఇది తెలియనివాళ్లు 1870ల కాగితంలో ఫ్రటర్నిటీ అని చూసి మగపిల్లల సంఘం అనుకుంటారు.

"మొట్టమొదటి" అని రాయాలంటే

ప్రతి సావనీర్‌లో కనీసం మూడు "మొట్టమొదటి"లు ఉంటాయి. వాటిని తీసేయమని కాదు, దేనిలో మొదటిదో పూర్తిగా రాయమని చెబుతున్నాం. అమెరికా ఆడపిల్లల సంఘాల్లో ఎవరు మొదటివారన్న ప్రశ్న చూడండి. జార్జియా రాష్ట్రం మేకన్‌లో 1851లో అడెల్ఫియన్ సొసైటీ పుట్టింది. అది ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. కానీ గ్రీకు అక్షరాల పేరు దానికి 1905లో గానీ రాలేదు. ఇల్లినాయ్‌లోని మన్మత్ కాలేజీలో 1867లో ఐ.సి. సొరోసిస్ పుట్టింది. మగవాళ్ల ఫ్రటర్నిటీల నమూనాలో, ఎన్నో కాలేజీల్లో శాఖలు పెట్టాలన్న ఉద్దేశంతో ఏర్పడ్డ ఆడపిల్లల సంఘాల్లో తనదే మొదటి స్థానం అంటుంది. అది పై బీటా ఫై అన్న పేరు తీసుకున్నది 1888లో. మధ్యలో 1870లో ఇండియానాలో కాపా ఆల్ఫా థీటా పుట్టుకతోనే గ్రీకు పేరుతో వచ్చింది. మూడింటి మాటా నిజమే, ఎందుకంటే ఒక్కొక్కరి వాక్యంలో ఒక్కో షరతు ఉంది.

మీ వాక్యంలోనూ ఆ షరతు కనిపించాలి. "తెలంగాణలో మొదటి పూర్వ విద్యార్థుల సంఘం" అని రాస్తే మిగతా అన్ని కాలేజీల కాగితాలూ మీరు చూసి ఉండాలి. "వరంగల్‌లో రిజిస్టరయిన ఇంజనీరింగ్ కాలేజీ సంఘాల్లో మాకు దొరికినంతలో పాతది" అంటే నిలబడుతుంది.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

మొదట సంఘం ఇంట్లోనే వెతకండి. అంటే మాజీ కార్యదర్శులు, కోశాధికారుల ఇళ్లలో. మినిట్స్ బుక్ కన్నా రసీదు పుస్తకం ఎక్కువ ఉపయోగపడుతుంది. మినిట్స్ తర్వాత తీరిగ్గా రాసి ఉండొచ్చు, డబ్బు రసీదు మాత్రం ఆ రోజే చిరుగుతుంది. దాని మీద తేదీ, పేరు, ఊరు, వరుస నంబరు ఉంటాయి. రసీదుల వరుసలో నంబర్లు తప్పితే ఒక పుస్తకం మీకింకా దొరకలేదన్నమాట.

తర్వాత జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిసి సంఘం రిజిస్టర్ చేసుకోవాలి. బైలాస్ (సంఘం నియమావళి)తో పాటు ఆ ఏడుగురి సంతకాలు అక్కడ ఉంటాయి. ఏటా కార్యవర్గం జాబితా కూడా దాఖలు చేయాలి కాబట్టి ఏ ఏడాది ఎవరు అధ్యక్షులన్న గొడవ అక్కడే తీరుతుంది. అంతకుముందు రిజిస్టరయిన సంఘాలకు తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సర లెక్క) నాటి చట్టం వర్తించేది. సర్టిఫికెట్ మీద "1350 ఎఫ్" అని ఉంటే అది చట్టం ఏడాది, మీ సంఘం పుట్టిన ఏడాది కాదు. దీన్ని సంఘం తేదీగా అచ్చువేసే ప్రమాదం ఉంది. జిల్లాలు మారాయి కాబట్టి పాత ఫైలు ఏ కార్యాలయంలో ఉందో ముందే కనుక్కొని వెళ్లండి. సర్టిఫైడ్ కాపీకి అర్జీలో రిజిస్ట్రేషన్ నంబరు, ఏడాది రాయాలి. నంబరు లేకుండా వెతకమంటే నెలలు పడుతుంది.

సర్కారు కాలేజీ అయితే సమాచార హక్కు అర్జీ కూడా పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "మొదటి బ్యాచ్ విద్యార్థుల చిరునామాలు ఇవ్వండి" అని అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. ఫలానా విద్యా సంవత్సరంలో చేరినవారి సంఖ్య, హాస్టల్ భవనం ప్రారంభ తేదీ, సంఘానికి గది కేటాయించిన ఉత్తర్వు నకలు అడగండి. ఒక్కో అర్జీలో ఒక్క విషయమే ఉంటే జవాబు తొందరగా వస్తుంది.

నిజాం కాలం నాటి కాలేజీ, హాస్టల్ అయితే తేదీలు ఫసలీలో, రాత ఉర్దూలో ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ తొలి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే ఆజూర్, దై నెలల తేదీల్లోని ఏడాదికి 590 కలపండి. నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి చివరి నెల ఆబాన్ దాకా 591 కలపండి. మధ్యనున్న మూడో నెల బహ్మన్ డిసెంబర్, జనవరిల మీద పడుతుంది కాబట్టి దాన్ని రోజుతో సహా సరిచూడాలి. ఉదాహరణకు 1357 ఆబాన్ అంటే 1948 సెప్టెంబర్, పోలీస్ చర్య నెల. చదవడానికి ఉర్దూ వచ్చిన పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. అంకెలు ఒకరు చదివితే ఇంకొకరు సరిచూడాలి. 1938 వందేమాతరం ఉద్యమంలో బహిష్కరణకు గురైన విద్యార్థుల్లో చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువు ముగించారు. ఇక్కడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరుండి పాసయినవారి జాబితాలో లేకపోతే "చదువు మానేశారు" అని రాసేయకండి.

పత్రికల్లో గోలకొండ పత్రిక, మన వరంగల్ జనధర్మ, వరంగల్ వాణి పాత సంచికలు వెతకదగినవి. సంఘం సభ జరిగిందని మినిట్స్‌లో ఉన్న తేదీకి అటూ ఇటూ పది రోజుల సంచికలు చూస్తే చాలు.

సభ్యుల పట్టిక

చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఇదే, అందరూ చివరికి వాయిదా వేసేదీ ఇదే. చాలా ఫ్రటర్నిటీ శాఖలు స్థాపకుల దగ్గర నుంచి ప్రతి సభ్యుడికీ వరుస నంబరు ఇస్తాయి. మనిషి చనిపోయినా, వెలివేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వరు. ఈ ఒక్క నియమం పెట్టుకోండి, సగం తికమక పోతుంది.

పట్టికలో ఉండవలసిన గళ్లు ఇవి: వరుస నంబరు, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న పేరు, విడమరచిన ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా లేదా మండలం, చేరిన ఏడాది, పాసయిన ఏడాది, బ్రాంచి, హాస్టలా డేస్కాలరా, ఆధారం. ఫోన్ నంబరు, చిరునామా వేరే ఫైలులో ఉంచండి, అవి అచ్చులోకి రాకూడదు. చేరిన ఏడాది, పాసయిన ఏడాది రెండూ ఎందుకంటే, 1969 తెలంగాణ ఉద్యమంలో చదువులు ఆగి పరీక్షలు వెనక్కి జరిగాయి. "కోర్సు ఇన్నేళ్లే కదా" అని కూడి రాస్తే ఆ బ్యాచ్‌ల లెక్కంతా ఒక ఏడాది తప్పుతుంది.

"కె. శ్రీనివాస్" అని రాసి ఉన్న వాళ్లు ఒకే బ్యాచ్‌లో ముగ్గురుండొచ్చు. ఇంటిపేరు విడమరచి, ఊరు జోడించకపోతే ముగ్గురూ ఒక్కరైపోతారు. అమెరికా వెళ్లినవారి పేరు ముందూ వెనకా మారుతుంది. ఇక పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు పట్టికలో రెండుసార్లు కనిపిస్తారు, లేదా అసలే కనిపించరు. రిజిస్టర్‌లోని పేరు మూలంగా ఉంచి, ఇప్పటి పేరు పక్క గడిలో రాయండి. వారికి ఫోన్ చేసి ఎలా అచ్చువేయాలో అడగడం మరిచిపోవద్దు.

శాఖల వంశవృక్షం

చాలా గ్రీకు సంఘాల శాఖల్లో మొదటిది ఆల్ఫా, తర్వాత బీటా, గామా. అక్షరాలు అయిపోతే ఆల్ఫా ఆల్ఫా, ఆల్ఫా బీటా. ఒమేగాను చాలా సంఘాలు ఏ కాలేజీకీ ఇవ్వవు, చనిపోయిన సభ్యులందరి పేరిట ఉంచుతాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా, అక్షరం వరుసను బట్టి తేదీ ఊహించకూడదు. మూతపడ్డ శాఖ అక్షరాన్ని ఇంకొకదానికి ఇచ్చిన సంఘాలు, విలీనంలో అక్షరాలు మార్చుకున్న సంఘాలు ఉన్నాయి. మీ శాఖలకు ఊరి పేరు చాలు, వెంట ఏర్పడిన వరుస నంబరు ఉండాలి.

ప్రతి శాఖకూ స్థితి ఒక్క మాటలో రాయండి: నడుస్తోంది, ఆగింది, మళ్లీ మొదలైంది, విలీనమైంది. ఆగితే ఏడాది, కారణం. విలియం రైమండ్ బేయర్డ్ 1879లో అమెరికా కాలేజీ సంఘాల వివరాలన్నీ ఒక పుస్తకంగా కూర్చాడు. దాని బలం ఏమిటంటే, నడుస్తున్న శాఖలతో పాటు ఆగిపోయిన శాఖలనూ లెక్కలో ఉంచడం. ఆగిన శాఖను సిగ్గుపడి దాచేస్తే అసలు కథే పోతుంది. ఫై బీటా కాపా అనే సంఘం 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. 1781లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీదికి రావడంతో ఆ మొదటి శాఖే ఆగిపోయింది. అప్పటికే యేల్, హార్వర్డ్‌లకు చార్టర్లు ఇచ్చి ఉండటం వల్ల సంఘం బతికింది. తల్లి శాఖ మళ్లీ స్థిరంగా లేచి నిలబడింది 1893లో. ఈ మధ్య కాలాన్ని ఖాళీగా వదిలేస్తే చదివేవారికి ఏమర్థమవుతుంది?

కారణం రాయడంలో తొందరపడవద్దు. 1860ల అంతర్యుద్ధంలో అమెరికా దక్షిణాది శాఖలు చాలావరకు మూతపడ్డాయి, విద్యార్థులంతా సైన్యంలోకి పోయారు. మిసిసిపీ రాష్ట్రం 1912లో ఈ సంఘాలను చట్టంతో నిషేధించింది, 1915లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఒకటి మనుషులు లేక ఆగడం, ఇంకొకటి చట్టం ఆపడం. మన శాఖలు ఎక్కువగా ఆగేది కార్యదర్శి బదిలీ అయి రిజిస్టర్లు ట్రంకుపెట్టెలో పడ్డప్పుడే. అదే రాయండి, అందులో తప్పేమీ లేదు.

ఫొటోలు, మాటలు

గ్రూప్ ఫొటోను అట్ట నుంచి ఊడదీయకండి. పాత స్టూడియోలు అట్ట మీదే పేర్లు అచ్చువేసేవి, ఫ్రేములో పట్టడం లేదని అట్ట కత్తిరించడంతో ఎన్నో బ్యాచ్‌ల పేర్లు పోయాయి. అద్దానికి అతుక్కున్న ఫొటోను లాగితే ముఖాలు అద్దంతో వస్తాయి, అద్దంతో సహా స్కాన్ చేయండి. స్కానర్‌లో 600 డీపీఐ స్పష్టత, టిఫ్ రకం ఫైలు ఎంచుకోండి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. వెనక రాయవలసి వస్తే మెత్తని 2బి పెన్సిల్ మాత్రమే, బాల్‌పెన్ గీత ముందు వైపుకు ఉబ్బుతుంది. చిరిగిన రిజిస్టర్‌కు సెల్లోటేప్ అంటించకండి. అది పసుపెక్కి, అక్షరాలను పట్టుకొని ఊడుతుంది. చెదలు పట్టినవాటిని మిగతావాటికి దూరంగా పెట్టండి.

మనిషిని గుర్తుపట్టడానికి ఫొటో మీద పల్చని ట్రేసింగ్ కాగితం వేసి తలలు గీయండి. కూర్చున్న వరుస ఎడమ నుంచి 1, 2, 3. నకళ్లు ముగ్గురికి విడివిడిగా ఇచ్చి, ఇద్దరు ఒకే పేరు చెబితేనే ఖాయం చేయండి. మూడు పేర్లూ వేరైతే ప్రశ్నార్థకం ఉంచండి.

పెద్దలతో మాట్లాడేటప్పుడు ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి, గంట నుంచి గంటన్నర చాలు. నలుగురిని కలిపి కూర్చోబెడితే గొంతు పెద్దదైనవారి మాటే అందరి జ్ఞాపకమవుతుంది. "అప్పటి రోజులు ఎలా ఉండేవి సార్?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "మీ రూము ఏ వింగులో, కిటికీ ఎటు ఉండేది, మెస్ బిల్లు ఎంత, కాజీపేట స్టేషన్ నుంచి కాలేజీకి ఎట్లా వచ్చేవారు?" అని అడగండి. ఏడాది గుర్తుకు రాకపోతే 1969 ఉద్యమానికి ముందా తర్వాతా, ఎమర్జెన్సీలోనా అని పక్కన గుర్తురాయి పెట్టండి. రెండు ఫోన్లలో రికార్డు చేయండి, మొదట్లో ఆయన లేదా ఆమె అనుమతి మాట రూపంలో తీసుకోండి.

ఎవరు లేరు, ఏది దాచారు

పట్టిక తయారయ్యాక దాన్ని ఎదురుగా పెట్టుకొని ఎవరు లేరో చూడండి. డేస్కాలర్లు ఉన్నారా? తొలి బ్యాచ్‌ల అమ్మాయిలు? సాంఘిక సంక్షేమ హాస్టళ్ల నుంచి వచ్చినవారు? వంట చేసినవారు, అటెండర్లు? అమెరికాలో ఎన్నో ఫ్రటర్నిటీల నియమావళిలో తెల్లవారు మాత్రమే అన్న షరతు ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా రాతలోనే ఉండేది. ఆ తలుపు మూసి ఉన్న కాలంలోనే 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కాపా ఆల్ఫా నల్లజాతి విద్యార్థుల సంఘాలుగా లేచాయి. మన పిల్లలు అక్కడ వినే డెల్టా ఎప్సిలాన్ సై వంటి దక్షిణాసియా సంఘాలు వచ్చింది ఇంకా తర్వాత, 1990లలో. పాత బైలాస్‌లో సభ్యత్వానికి ఏ అడ్డుగోడ ఉన్నా ఆ వాక్యం ఉన్నదున్నట్టు అచ్చువేసి, ఏ ఏడాది తీసేశారో రాయండి.

ర్యాగింగ్ సంగతీ అంతే. 1873లోనే కార్నెల్‌లో ఫ్రటర్నిటీ ప్రవేశ తంతులో ఒక విద్యార్థి ప్రాణం పోయింది. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. "సీనియర్ల ఆటపట్టింపులు" అని తీపిగా రాసిన పేజీ, ఆ ఆటలో చదువు మానేసి ఊరికి పోయినవారి ఇంట్లో ఎలా చదువుతారో తలచుకోండి. పేర్లు వేయనక్కర్లేదు. ఏ ఏడాది ఏం జరిగింది, కాలేజీ ఏం చేసిందన్నది కాగితం ఆధారంతో రాయండి.

అచ్చుకు ముందు చిత్తుప్రతిని నలుగురికి ఇవ్వండి: తొలి బ్యాచ్ ఒకరు, మధ్య బ్యాచ్ ఒకరు, ఒక మహిళ, కార్యవర్గంతో పడని ఒకరు. చివరివారు పట్టే తప్పులే ఎక్కువ. ఆధారాల గడి ఉన్న పూర్తి పట్టికను అచ్చులో వేయకపోయినా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరే ఊళ్లలో ఉంచండి. పుస్తకం వచ్చాక ఒక ప్రతి కాలేజీ గ్రంథాలయానికి, ఒకటి హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి ఇవ్వండి. 1954 చట్టం ప్రకారం 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు కూడా ఒక్కో ప్రతి పంపాలి. లోపల ఒక ఖాళీ దిద్దుబాటు కాగితం పెట్టండి. ఆరు నెలల్లో తిరిగి వచ్చిన కాగితాలతో అనుబంధం వేసి, అదే గ్రంథాలయాలకు పంపండి.